చిన్న ట్రాక్టరుకు ముందు లోడరు: పీడనం పెంచడానికి ముందు తూచవలసిన బరువులు

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాల మామిడి తోటలలో కోతలు ముగిసిన వెంటనే మూడు పనులు ఒకేసారి వచ్చి పడతాయి. కొమ్మలు కత్తిరించాలి, ఆ కొమ్మలను తోట బయటకు చేర్చాలి, తొలకరి తడికి పశువుల ఎరువు వేయాలి. చెట్ల మధ్య 10 మీటర్ల ఎడం ఉన్న పాత తోటలో ఎకరాకు సుమారు 40 చెట్లుంటాయి. చెట్టుకు 50 కిలోల చొప్పున లెక్కిస్తే ఐదెకరాలకు 10 టన్నుల ఎరువును ఎత్తి పోయవలసి ఉంటుంది. అంతరకృషికి కొన్న 20-30 అశ్వశక్తి ట్రాక్టరుకే ముందు లోడరు బిగించుకొంటే ఈ శ్రమ తగ్గుతుందని రైతు భావించడం సహజం.

బిగించిన తరువాత వచ్చే మొదటి ప్రశ్న: "బకెట్ లేవడం లేదు, ప్రెషరు పెంచవచ్చా?" రిలీఫ్ వాల్వు మర బిగిస్తే పీడనం పెరుగుతుంది, బకెట్ లేస్తుంది. కాని చాలా సందర్భాలలో ఆ ట్రాక్టరుకు కొరవడింది పీడనం కాదు, వెనుక చక్రాలపై బరువు. ఈ వ్యత్యాసాన్ని లెక్కలతో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వ్యవస్థ మూల స్వభావం

నేటి ట్రాక్టర్ల మూడు బిందువుల అనుసంధానానికి, దాని హైడ్రాలిక్ నియంత్రణకు మూలం హారీ ఫెర్గూసన్ కృషి. 1936లో వచ్చిన ఫెర్గూసన్-బ్రౌన్ ట్రాక్టరు, 1939లో వచ్చిన ఫోర్డ్ 9ఎన్ ఆ పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చాయి. పనిముట్టు బరువును, నేల నుంచి వచ్చే ప్రతిఘటనను వెనుక చక్రాలపైకి మళ్లించి పట్టు పెంచడం అందులోని కీలకం. ముందు లోడరు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా పనిచేస్తుంది. అది వెనుక చక్రాలను తేలిక చేసి ముందు ఇరుసును బరువెక్కిస్తుంది. నూనె అదే, పంపు అదే అయినా ట్రాక్టరు నిలకడపై ప్రభావం వేరు.

బలం వేరు, వేగం వేరు

సిలిండరు బలం పీడనం, పిస్టన్ వైశాల్యాలపై ఆధారపడుతుంది. దాని వేగం పంపు ప్రవాహంపై ఆధారపడుతుంది. నిమిషానికి 20 లీటర్ల ప్రవాహం, 150 బార్ రిలీఫ్ పీడనం గల వ్యవస్థను ఉదాహరణగా తీసుకొందాం. 50 మి.మీ. వ్యాసం గల ఒక సిలిండరు సుమారు 3 టన్నుల బలాన్నిస్తుంది. రెండింటికి 6 టన్నులు. అయితే సిలిండరు లోడరు చేతులను కీలుకు దగ్గరగా నెడుతుంది, బకెట్ దూరంగా ఉంటుంది. కీలు నుంచి సిలిండరు బలరేఖ లంబదూరం 25 సెం.మీ., బకెట్ దూరం 200 సెం.మీ. అయితే బకెట్ వద్ద లభించేది ఎనిమిదో వంతు, అంటే 750 కిలోలు. చేతుల కోణం మారే కొద్దీ ఈ నిష్పత్తి మారుతుంది. క్రమం మాత్రం ఇదే.

40 మి.మీ. సిలిండర్లయితే బకెట్ వద్ద 480 కిలోలు, 63 మి.మీ. అయితే సుమారు 1,190 కిలోలు లభిస్తాయి. 40 సెం.మీ. కదలికకు 40, 50, 63 మి.మీ. జతలు వరుసగా 3.0, 4.7, 7.5 సెకండ్లు తీసుకొంటాయి. పై తోటలో బకెట్‌కు 150 కిలోల చొప్పున 67 సార్లు ఎత్తాలి. మొత్తం పనిలో 50 మి.మీ. నుంచి 40 మి.మీ.కు మారితే కలిసివచ్చేది రెండు నిమిషాలకు లోపే. కనుక వేగం కోసం పెద్ద పంపుపై ఖర్చు చేయడానికి కూడ ఆధారం లేదు.

ముందుగా ఓడేది ట్రాక్టరు

లెక్క కోసం 800 కిలోల ట్రాక్టరును తీసుకొందాం: ముందు ఇరుసుపై 300, వెనుక 500 కిలోలు, ఇరుసుల మధ్య దూరం 1.5 మీటర్లు. ఎరువు, బకెట్, చేతులు కలిపి 300 కిలోల భారం ముందు ఇరుసుకు 1.5 మీటర్ల ముందు ఉందనుకొందాం. అప్పుడు ముందు ఇరుసు బరువు 900 కిలోలకు చేరుతుంది, వెనుక 200 మాత్రమే మిగులుతుంది. అదే చోట భారం 500 కిలోలయితే వెనుక చక్రాలపై బరువు సున్నా.

ఇప్పుడు రెండు లెక్కలను పక్కపక్కన ఉంచి చూడాలి. 50 మి.మీ. సిలిండర్లు 750 కిలోలు ఎత్తగలవు కనుక రిలీఫ్ వాల్వు తెరుచుకొనే లోపే వెనుక చక్రాలు నేల విడుస్తాయి. 40 మి.మీ. సిలిండర్లతో 480 కిలోల వద్దనే వాల్వు తెరుచుకొంటుంది. అంటే ఈ ట్రాక్టరుకు తగినది చిన్న సిలిండరు. అప్పుడు రిలీఫ్ వాల్వు గొట్టాలతో పాటు మనిషిని కూడ కాపాడుతుంది. మర బిగించడమంటే ఆ రక్షణను తొలగించడమే.

వెనుక ఇరుసుకు ఒక మీటరు వెనుకగా 150 కిలోల ప్రతిభారం తగిలిస్తే, 300 కిలోల భారంతో వెనుక బరువు 200 నుంచి 450 కిలోలకు పెరుగుతుంది, ముందు బరువు 900 నుంచి 800కు తగ్గుతుంది. చాలా ట్రాక్టర్లలో బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటాయి కనుక వాలులో ఈ ప్రతిభారం మరింత అవసరం. ముందు ఇరుసు, టైర్లు మోయగల పరిమితిని తయారీదారు పుస్తకంలో సరిచూసి, అది దాటితే బకెట్ పరిమాణాన్నే తగ్గించాలి.

నూనె మార్గంలో జాగ్రత్తలు

చిన్న ట్రాక్టర్లలో సాధారణంగా ఉండేది తెరచిన కేంద్రం పద్ధతి. మీట కదపనప్పుడు కూడ నూనె వాల్వు గుండా ప్రవహిస్తూనే ఉంటుంది. లోడరు వాల్వును పంపుకు, వెనుక లిఫ్టుకు మధ్య అమర్చేటప్పుడు దాని ట్యాంకు ద్వారాన్ని లిఫ్టుకు కలపరాదు. లిఫ్టు పనిచేసిన ప్రతిసారీ పూర్తి పీడనం తిరుగు మార్గంలోకి వచ్చి సీళ్లు, వాల్వు దేహం దెబ్బతింటాయి. పవర్ బియాండ్ ద్వారం గల వాల్వును ఎంచుకొని, ఆ ద్వారం నుంచి లిఫ్టుకు, ట్యాంకు ద్వారం నుంచి విడిగా నూనె తొట్టికి గొట్టాలు వేయాలి.

బకెట్ లేవనప్పుడు ముందుగా పీడనమాపకం బిగించి చూడాలి. నిర్దేశిత పీడనం రాకపోతే వడపోత, నూనె మట్టం, చూషణ గొట్టంలో గాలి, పంపు అరుగుదల, రిలీఫ్ వాల్వు లీకు పరిశీలించాలి. నిర్దేశిత పీడనం వస్తున్నా లేవకపోతే భారం ఎక్కువైనట్లే. అప్పుడు మీటను పట్టి ఉంచితే 150 బార్ వద్ద 20 లీటర్ల ప్రవాహపు 5 కిలోవాట్లూ వేడిగా మారతాయి. తొట్టిలో 20 లీటర్ల నూనె ఉంటే నిమిషానికి సుమారు 9 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది.

గొట్టం తెగినా చేతులు కూలకుండ సిలిండరు మొదట్లోనే భారం నిలిపే వాల్వు ఉండాలి. సన్నని లీకును చేత్తో తడిమి చూడరాదు, అట్టముక్క వాడాలి. అధిక పీడనంలోని నూనె చర్మంలోకి చొచ్చుకుపోతే గాయం సూదిమొనంత కనిపించినా అది శస్త్రచికిత్స అవసరమయ్యే అత్యవసర స్థితి.

వేర్ల మండలం మాటేమిటి?

మామిడి పోషకాలను గ్రహించే సన్నని వేర్లు అధిక భాగం పైపొరలలో ఉంటాయి. తడి నేలలో బరువెక్కిన ముందు చక్రాలు పాదుల దగ్గర మలుపు తిరిగితే, ఎరువుతో ఇవ్వదలచిన మేలు కొంత నేల గట్టిపడడంతో పోతుంది. కనుక లోడరును ఎరువు కుప్ప వద్దనే ఉంచి ట్రాలీ నింపాలి. చెట్టుకు చేర్చడం ట్రాలీ పని. కదిలేటప్పుడు బకెట్ నేలకు దగ్గరగా ఉండాలి; వంగిన కొమ్మల కింద ఎత్తిన బకెట్‌తో పోరాదు.

విస్తరణ సిబ్బందికి

రైతు అడిగినప్పుడు నాలుగు అంకెలు సేకరించండి: పంపు ప్రవాహం, రిలీఫ్ పీడనం, ఇరుసుల వారీ బరువు, ముందు ఇరుసు పరిమితి. మధ్యప్రదేశ్‌లోని బుద్నిలో గల కేంద్రీయ వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ వెలువరించే ట్రాక్టరు పరీక్షా నివేదికలు ఇందుకు ఉపకరిస్తాయి. ఇరుసుల బరువును వేబ్రిడ్జి వద్ద ఒక్కొక్క ఇరుసునే ఎక్కించి తూచవచ్చు. నమోదైన వాహనంలో మార్పులకు మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను పరిమితులు విధిస్తున్నదని, వారంటీ, బీమా షరతులను ముందే చదవాలని కూడ చెప్పండి. ఈ అంకెలు చేతికి వచ్చిన తరువాతనే సిలిండరు వ్యాసం నిర్ణయించాలి. రిలీఫ్ వాల్వు మరను మాత్రం తయారీదారు నిర్దేశించిన చోటనే ఉండనివ్వాలి.