లీజు కారు గడువు తీరునాడు

మగ్గమును నమ్ముకొని బ్రతికిన మన కుటుంబముల బిడ్డలు అనేకులు నేడు బెంగుళూరు, పూణె నగరములలో కంపెనీ ఉద్యోగములు చేయుచున్నారు. వారిలో కొందరు ఆ కంపెనీల ద్వారా లీజుకు కారు తీసికొనుచున్నారు. నెలనెలా జీతములో కోత పడుచుండుటచే కారు మనదేయని ఇంటిల్లిపాదియు తలచుట సహజము. కాని లీజు అనగా గడువు గల అద్దె మాత్రమే. గడువు తీరునాడు ఏమి జరుగునో తెలియక మా యింటనే సొమ్ము నష్టమైనది. తోటి కుటుంబములకు అట్టి నష్టము కలుగరాదని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా అబ్బాయి బెంగుళూరులో నాలుగేండ్ల లీజుకు కారు తీసికొనెను. పండుగలకు షోలాపూరు వచ్చినపుడెల్ల అందరము అందులోనే తిరిగితిమి. లీజు పత్రమును మాత్రము ఎవరమును చదువలేదు. కారు అప్పగించిన మూడు వారములకు బిల్లు వచ్చినది. హద్దు మించి నడచిన కిలోమీటర్లకు కొంత, గీతలు పడిన తలుపునకు కొంత, రెండవ తాళపుచెవి లేనందుకు కొంత. వాదించుటకు మా చేతిలో ఒక్క ఫొటో అయినను లేదు. చెల్లించితిమి.

షావుకారు వద్ద నూలు తూచి తెచ్చి, బట్ట తూచి అప్పగించి, తరుగు లెక్క చెప్పుకొనువారము మనము. కారు లీజు లెక్కయు అట్టిదే. తెచ్చిననాడు తూకము చూడనివాని మాట అప్పగించునాడు చెల్లదు.

గడువు తీరినపుడు సాధారణముగా మూడు దారులుండును: కారు తిరిగి యిచ్చుట, చెప్పిన ధరకు కొనుట, ఒప్పుకొన్నచో గడువు పొడిగించుట. వీనిలో ఏవి మనకు కలవో పత్రము చూచిన తెలియును. ఉద్యోగము నడుమ మానినచో ఎంత చెల్లించవలెనో కూడ అందులోనే చూచుకొనవలెను.

ఒక లెక్క చూతము. ఏడాదికి 15,000 చొప్పున నాలుగేండ్లకు హద్దు 60,000 కిలోమీటర్లు అనుకొందము. కారు 66,000 నడచినది. అదనపు కిలోమీటరుకు 5 రూపాయల చొప్పున 30,000 రూపాయలు, మరమ్మతులకు 15,000. అనగా తిరిగి యిచ్చుటకే 45,000 ఖర్చు. కొనుటకు ధర 2,50,000 అనుకొందము. బజారులో ఆ కారు 3,00,000 పలికినచో కొనుటయే లాభము. 2,00,000 మాత్రమే పలికినచో కొనుటలో 50,000 నష్టము, పేరు మార్పు ఖర్చులు అదనము. అప్పుడు ఇచ్చివేయుటయే మేలు. ధరపై పన్ను వేరుగా కలదేమో ముందే అడుగవలెను.

కొనినంతనే పని తీరదు. ఆర్.సి. లీజు కంపెనీ పేర నున్నచో 29, 30 నంబరు ఫారములతో పేరు మార్పించవలెను. మన పేరనే యుండి లీజు నమోదై యున్నచో 35వ ఫారముతో దానిని కొట్టివేయించవలెను. యాజమాన్యము మారిన 14 రోజులలో బీమా మార్పునకు దరఖాస్తు పెట్టవలెను. కర్ణాటకలో నమోదైన కారును షోలాపూరులో 12 నెలలకు మించి ఉంచదలచినచో, 28వ ఫారముతో నిరభ్యంతర పత్రము తెచ్చుకొని, మహారాష్ట్రలో మరల నమోదు చేయించి, ఇక్కడి పన్ను కట్టవలెను.

తిరిగి యిచ్చువారు మూడు నెలల ముందే మేలుకొనవలెను. తెలిసిన మెకానిక్కుకు కారు చూపి, చౌకగా పోవు మరమ్మతులు చేయించుకొనవలెను. కారు నలువైపులకును, మీటరునకును ఫొటోలు తీయవలెను. రెండు తాళపుచెవులు, సర్వీసు పుస్తకము సిద్ధముగా నుంచి, తనిఖీ సమయమున దగ్గర నిలిచి, అప్పగించినట్లు సంతకము గల రసీదు పుచ్చుకొనవలెను. మన పేర నున్న ఫాస్టాగును మూయించుట మరువరాదు.

మేము కట్టిన సొమ్ము ఎట్లును తిరిగి రాదు. మీ బిడ్డలు ఈసారి ఇంటికి వచ్చినపుడు ఆ పత్రమును తెప్పించి, అందరును కూర్చుండి ఒకసారి చదివించుకొనుడు.