ఇల్లు మునిగితే బీమా వాళ్లు చెప్పిందే లెక్కా? క్లెయిమ్ తక్కువ వస్తే ఏం చేయాలి

అనంతపురం అంటే కరువు జిల్లా. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల ఇది. అందుకే ఇంటికి బీమా అంటే "మన ఊరికి వరదెక్కడిది" అని నవ్వేసేవాళ్లే ఎక్కువ. 2022 అక్టోబర్‌లో నడిమివంక పొంగి నగరంలోని కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చాక ఆ మాట అనడం కొంచెం కష్టమైంది. ఏళ్ల తరబడి ఎండిపోయి ఉన్న వంక ఒక్క రాత్రి వానకు ఇంటి గుమ్మం దాటగలదని అందరూ చూశారు.

బీమా లేని ఇంటి సంగతి వేరు. బీమా ఉండి కూడా సగం డబ్బులు కూడా రాని ఇళ్ల సంగతే ఇక్కడ విషయం. సర్వేయర్ వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్తాడు. కొన్ని రోజులకు ఫోన్ వస్తుంది: "ఇంత వస్తుంది, సంతకం పెట్టండి." గోడలు ఆరక ముందే, అప్పు తెచ్చి పరుపులు కొన్న ఇంట్లో ఆ మొత్తం ఎంత తక్కువైనా సంతకం పెట్టేస్తారు. అదే చివరి మాట అనుకుంటారు. కాదు.

ముందు ఒక సంగతి. ఇంటికి పాలసీ ఉన్నట్టే తెలియని కుటుంబాలు చాలా ఉన్నాయి. హోమ్ లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకులు ఇంటికి బీమా చేయించి, ప్రీమియం లోన్‌లోనే కలిపేయడం మామూలే. బీమా జాయెజా కాదా అనే సందేహం ఉన్న ఇళ్లు మనలో ఉన్నాయి. ఆ మసలా ఉలమాలను అడిగి తెలుసుకోవాల్సింది. కానీ ప్రీమియం ఇప్పటికే జేబులోంచి పోయి ఉంటే, పాలసీలో రాసినదాన్ని అడగకుండా వదిలేయడం వల్ల లాభపడేది కంపెనీయే. లోన్ ఫైల్ తీసి చూడండి, లేకపోతే బ్యాంకులో పాలసీ కాపీ అడగండి. పాలసీలో బ్యాంకు పేరు కూడా ఉంటే క్లెయిమ్ డబ్బు బ్యాంకు ద్వారానే రావచ్చు, అది కూడా ముందే అడిగి ఉంచుకోవాలి.

తగ్గేది ఎక్కడ?

ఆఫర్ తక్కువ రావడానికి పెద్ద కారణం డిప్రిసియేషన్, అంటే పాతబడినందుకు కోసే కోత. కామర్స్ చదివినవాళ్లకు ఇది ఖాతా పుస్తకాల్లో అలవాటైన లెక్కే, కానీ మునిగిన ఇంట్లో ఆ లెక్క వేరేగా తగులుతుంది. ఉదాహరణకు 2016లో 22 వేలకు కొన్న ఫ్రిజ్ నీళ్లలో పాడైందనుకుందాం. సర్వేయర్ 60 శాతం కోత వేస్తే చేతికి వచ్చేది 8,800. అలాంటి ఫ్రిజ్ ఇవాళ షాపులో 30 వేలు. మిగతా 21 వేలు ఎవరు పెట్టాలి? ఈ ప్రశ్నకు జవాబు సర్వేయర్ నోట్లో ఉండదు, పాలసీ కాగితంలో ఉంటుంది.

2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్లకు బీమా చేసే కంపెనీలన్నీ 'భారత్ గృహ రక్ష' అనే ఒకే నమూనా పాలసీ అమ్మాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్ణయించింది. వరద, తుఫాను, పిడుగు, అగ్నిప్రమాదం, భూకంపం అన్నీ అందులో ఉన్నాయి. ఇంట్లో సామాను పాడైతే ఏం ఇవ్వాలో కూడా రాసి ఉంది: బాగు చేయించే ఖర్చు, లేదా అదే రకం, అలాంటిదే మరో వస్తువు కొనే ఖర్చు, లేదా కంపెనీయే బాగు చేయించి ఇవ్వడం. మూడింటిలో ఏది అనేది కంపెనీ ఎంచుకోవచ్చు. కానీ బాగు కాని ఫ్రిజ్‌కు వయసు లెక్కగట్టి కోత వేస్తే, "పాలసీలో ఏ క్లాజు ప్రకారం కోశారు?" అని రాతపూర్వకంగా అడగాలి. పాత పాలసీ, లేదా వేరే షరతులున్న పాలసీ అయితే మార్కెట్ విలువ మాత్రమే ఇస్తామని రాసి ఉండొచ్చు. అప్పుడు కోత ఉంటుంది, కానీ ఎంత శాతం, ఎందుకంత అని అడిగే హక్కు అప్పుడూ ఉంటుంది.

రెండో కారణం ఇంకా తెలివైనది. ఇల్లు మళ్లీ కట్టడానికి 20 లక్షలు అవుతుంది, పాలసీ 10 లక్షలకే ఉంది, నష్టం 2 లక్షలు. పాత పద్ధతిలో 'ఆవరేజ్ క్లాజ్' ప్రకారం "మీరు సగానికే బీమా చేశారు కాబట్టి నష్టంలో సగమే" అని 1 లక్ష ఇస్తారు. భారత్ గృహ రక్షలో ఈ కోత లేదు. తక్కువకు బీమా చేసినా, పాలసీ మొత్తం దాటనంత వరకు నష్టం పూర్తిగా ఇవ్వాలి. చాలామందికి తెలియని లైను ఇది. ఇంటికి పాలసీ తీసుకుంటే సామానుకు కూడా ఇంటి బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు, దానంతటదే కవర్ ఉంటుంది. బంగారం లాంటి విలువైనవి మాత్రం విడిగా రాయించుకుంటేనే.

సర్వేయర్ రిపోర్టు ఖురాన్ వాక్యం కాదు. 2009లో ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, సర్వేయర్ రిపోర్టే అంతిమం కాదని, సరైన కారణాలుంటే దాన్ని పక్కన పెట్టొచ్చని చెప్పింది. కాబట్టి మొదటి పని ఆ రిపోర్టు కాపీ అడగడం. ఫోన్‌లో కాదు, ఈమెయిల్‌లో. 2024 జూన్ నాటి ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ప్రకారం క్లెయిమ్ చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ను పెట్టాలి, ఆయన 15 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ తేల్చాలి.

రిపోర్టు వచ్చాక ఒక్కో వస్తువు పక్కన మీ లెక్క రాయండి. మేస్త్రీ దగ్గర ప్లాస్టరింగ్‌కు, ఎలక్ట్రీషియన్ దగ్గర వైరింగ్‌కు సంతకంతో కొటేషన్ తీసుకోండి. అదే రకం ఫ్రిజ్, వాషింగ్ మెషీన్‌కు షాపులో ఇవాళ్టి ధర రాయించుకోండి. బిల్లులు ఎక్కడివి అంటారు చాలామంది, అవీ నీళ్లలోనే పోయాయి కదా. బిల్లు ఒక్కటే ఆధారం కాదు. శాదీలో వచ్చిన బీరువా, మంచం, ఫ్రిజ్ ఆనాటి వీడియోలో, ఫొటోల్లో కనిపిస్తాయి. ఈద్ రోజు హాల్లో దిగిన ఫొటోలో వెనక టీవీ ఉంటుంది. ఈఎంఐ మీద కొన్నవాటికి బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంటుంది. పాడైన సామాను మాత్రం సర్వేయర్ చూడకముందు పాత ఇనుము వాళ్లకు అమ్మేయకండి. తప్పనిసరై పారేయాల్సి వస్తే అన్ని వైపులా ఫొటోలు తీసి, కంపెనీకి మెయిల్ పెట్టి పారేయండి.

సంతకం విషయంలో

'ఫుల్ అండ్ ఫైనల్' అని రాసిన డిశ్చార్జ్ వోచర్ దగ్గరే అందరూ భయపడేది. ఇంట్లో డబ్బు అవసరం ఉంటే, మీరు ఒప్పుకునే భాగం వెంటనే ఇవ్వమని, మిగతాదానిపై అభ్యంతరం ఉందని రాసి ఇవ్వొచ్చు. వోచర్ మీదే "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాసి ఫొటో తీసుకోండి. ఇప్పటికే మామూలుగా సంతకం పెట్టేసినవాళ్లకూ దారి పూర్తిగా మూసుకుపోలేదు. మోసంతోనో, ఒత్తిడితోనో, తప్పుడు మాటతోనో సంతకం తీసుకుంటే ఆ వోచర్ ఒక్కటి చూపి వినియోగదారుడి హక్కును కొట్టేయలేరని 1999లో అజ్మేర్ సింగ్ కాటన్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2015లో ఐఆర్‌డీఏఐ కూడా ఎక్కువ పరిహారం కోసం కోర్టుకు వెళ్లే హక్కును వోచర్ అడ్డుకోకూడదని కంపెనీలకు ఆదేశమిచ్చింది. అయితే ఒత్తిడిని నిరూపించాల్సింది మీరే, అందుకే రాసి పెట్టడమే మేలు.

తర్వాత కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు లెక్కలతో సహా ఫిర్యాదు. అదే ఫిర్యాదును ఐఆర్‌డీఏఐ 'బీమా భరోసా' పోర్టల్‌లో పెట్టొచ్చు, టోల్ ఫ్రీ నంబర్ 155255. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి. ఆంధ్రప్రదేశ్‌కు ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయర్‌ను అనుమతించరు కూడా, పాలసీదారే మాట్లాడుకోవాలి. 50 లక్షల వరకు పరిహారం అడగొచ్చు. కంపెనీ చివరి జవాబు వచ్చిన ఏడాది లోపు వెళ్లాలి. అక్కడ ఇచ్చిన అవార్డును కంపెనీ 30 రోజుల్లో అమలు చేయాలి.

మరో దారి అనంతపురంలోనే ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్. గడువు రెండేళ్లు. అక్కడ మీరు కట్టిన ప్రీమియాన్ని బట్టి ఫీజు లెక్కిస్తారు, 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ఇంటి బీమా ప్రీమియం అంత దాటదు. ఏది ముందు అనేది మాత్రం చూసుకోవాలి. కమిషన్‌లో కేసు వేశాక అదే విషయం మీద అంబుడ్స్‌మన్ వినరు. అంబుడ్స్‌మన్ తీర్పు నచ్చకపోతే మాత్రం దాన్ని ఒప్పుకోకుండా కమిషన్‌కు వెళ్లొచ్చు. అందుకే ఖర్చు లేని తలుపు ముందు తట్టి, రెండేళ్ల గడువు తేదీని క్యాలెండర్ మీద రాసి పెట్టుకోవడం మంచిది.