మజ్నూ కట్టిన రాక్ పాట

నయాపూల్ దాటి మదీనా వైపు నడుస్తుంటే, అమ్మాయిల వెంటపడే కుర్రాణ్ణి తోటివాళ్ళు "ఏం మజ్నూ!" అని ఏడిపించడం మీరూ వినే ఉంటారు. తెలుగువాళ్ళకి ఈ పేరు కొత్తదేం కాదు. 1949లో భరణీ పిక్చర్స్ వారి 'లైలా మజ్ను'లో భానుమతి, నాగేశ్వరరావు నటించారు కదా! అదే కథ ఇంగ్లీషులో ఒక గొప్ప రాక్ పాటకీ ప్రాణం పోసింది. ఆ ముచ్చటే ఇది.

స్నేహితుడి భార్య

బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్, గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ మంచి స్నేహితులు. హారిసన్ 1966లో ప్యాటీ బాయిడ్‌ని పెళ్ళాడాడు. క్లాప్టన్ మనసు పడింది కూడా ఆవిడ మీదే! భర్తను వదిలి రానంది ఆవిడ. 12వ శతాబ్దపు పారశీక కవి నిజామీ రాసిన లైలా మజ్నూ కథను ఒక మిత్రుడు క్లాప్టన్‌కి ఇచ్చాడు. అది చదివి, అసలు పేరు దాచేసి 'లైలా' అంటూ పాట కట్టాడు.

పాట కుదిరిన తీరు

1970లో అమెరికాలోని మయామీలో, క్రైటీరియా స్టూడియోలో రికార్డు చేశారు. మొదట నెమ్మదిగా సాగే పాట అనుకున్నారట. డ్యుయేన్ ఆల్మన్ అనే గిటారిస్టు వచ్చి మొదట్లో జోరైన వరస అందించాడు. దాంతో పాట నడకే మారిపోయింది. చివర వినిపించే పియానో భాగం కొన్ని వారాల తర్వాత విడిగా రికార్డు చేసి అతికించారు. పప్పు ఒక పొయ్యి మీద ఉడికించి, తాలింపు వేరే మూకుట్లో వేసి కలిపినట్టన్నమాట! ఆ ఆల్బమ్ వెంటనే అమ్ముడుపోలేదు. పాట 1972లో గానీ హిట్ కాలేదు.

ఆవిడ మాట

పాటలో వినబడేదంతా అతని గోడే. ఆవిడ మాట 2007లో ఆత్మకథ రాశాకే లోకానికి తెలిసింది. మత్తుమందు పొట్లం చూపించి, నువ్వు రాకపోతే ఇది తీసుకుంటానని బెదిరించాడట. అన్నంతపనీ చేసి కొన్నేళ్ళు దానికి బానిసయ్యాడు. హారిసన్‌తో విడాకులయ్యాక, 1979లో ఆవిడ క్లాప్టన్‌నే పెళ్ళి చేసుకుంది. తాగుడుతో ఆ కాపురమూ పదేళ్ళు నిండకుండానే చెదిరింది.

చూశారా! పాట ఎంత తియ్యగా ఉన్నా, "రాకపోతే చస్తా" అనడం ప్రేమ కాదు, బెదిరింపు. కాదన్నందుకు కక్షగట్టి 2008లో వరంగల్‌లో ఇద్దరు చదువుకునే పిల్లల మీద యాసిడ్ పోసిన సంగతి మనం మరిచిపోలేం. ఆడపిల్లలకి జాగ్రత్తలు చెప్పడం మనకి అలవాటే. "కాదంటే కాదనే అర్థం నాన్నా" అని మగపిల్లలకీ చెబుదాం. బాధ ఉంటే పాటగా పాడుకోమందాం, ఎదుటి మనిషిని ఏడిపించొద్దందాం. ఏమంటారు?