మనం లేని చోట మన వైద్యం

పాము కరిచిన మనిషి రాత్రి పదింటికి పీహెచ్‌సీకి వస్తే అప్పుడు మాకు అక్కరకొచ్చే ల్యాబ్ అంతా కలిపి ఒక గాజు ట్యూబు, ఒక గోడ గడియారం. చేతి నరం నుంచి రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, పొడిగా ఉన్న కొత్త గాజు ట్యూబులో పోసి, కదపకుండా 20 నిమిషాలు నిలబెట్టాలి. తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. రక్తం గడ్డకట్టకుండా నీళ్లలా జారిందంటే కరిచింది పింజరి జాతి పామనీ, విషం ఒంట్లోకి ఎక్కిందనీ లెక్క. విరుగుడు మందు మొదలుపెట్టాలి. ప్లాస్టిక్ ట్యూబు ఈ పరీక్షకు పనికిరాదు. సబ్బుతో కడిగిన గాజు ట్యూబూ తప్పుడు జవాబే చెబుతుంది.

గడ్డకట్టింది కదా అని ఇంటికి పంపేయడానికీ లేదు. కట్లపాము విషం రక్తం జోలికి పోదు, నరాల మీద పనిచేస్తుంది. నేల మీద పడుకున్నవాళ్లను నొప్పి తెలియకుండా కరిచి పోతుంది. తెల్లవారేసరికి కడుపునొప్పి వస్తుంది, కనురెప్పలు వాలిపోతాయి, ఆపైన ఊపిరే అందదు. అందుకని 24 గంటలు దగ్గర పెట్టుకుని రెప్పలు చూస్తూ ఉండాలి.

ఇదంతా ఎంబీబీఎస్ పాసైన ఏ కుర్రాడికైనా ఒక్క పూటలో నేర్పొచ్చు. కొత్త మెడికల్ ఆఫీసర్లకు నేనిచ్చే శిక్షణ దీంతోనే మొదలవుతుంది. వెంటనే ఇంకో ప్రశ్న వేస్తాను: “మీరు జిల్లా మీటింగ్‌కి వెళ్లారు. పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సు ఒక్కరే ఉన్నారు. ఆ కొత్త గాజు ట్యూబు ఏ డ్రాయర్లో ఉంది? అది తీయాలని ఆమెకు తెలుసా? తెలిసినా, మిమ్మల్ని అడక్కుండా మందు ఎక్కించే ధైర్యం ఆమెకు మీరు ఇచ్చారా?” పరీక్షలో ఫస్టు మార్కులు తెచ్చుకున్నవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు. ఏజెన్సీ డాక్టరు అసలు ఉద్యోగం మాత్రం ఈ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది.

పాడేరు ఏజెన్సీలో చాలా ఏళ్లు మెడికల్ ఆఫీసరుగా చేశాను. లెక్క ప్రకారం మైదానంలో 30 వేల మందికి ఒక పీహెచ్‌సీ అయితే, గిరిజన, కొండ ప్రాంతాల్లో 20 వేల మందికి ఒకటి. ఉపకేంద్రం 5 వేల మందికి బదులు 3 వేల మందికే. కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ ఆ 20 వేల మంది కొండల మీద, గెడ్డల (కొండవాగుల) అవతల, పది ఇళ్లొకచోట ఇరవై ఇళ్లొకచోట ఉంటారు. డాక్టరు ఎంత తిరిగినా ఆయన చేయి పడేది కొద్దిమంది మీదే. మిగతా అందరికీ అందేది ఏఎన్ఎం చేయి, ఆశా చేయి, 108 టెక్నీషియన్ చేయి. ఆ చేతులు ఏం చేయాలో ముందే తేల్చిపెట్టడం, చేసినదానికి తాను పూచీపడడం డాక్టరు పని. మన కాలేజీల్లో నేర్పేది ఎదురుగా మంచం మీదున్న రోగికి వైద్యం చేయడం. కంటికి కనపడని రోగికి, ఇంకొకరి చేత వైద్యం చేయించడం వేరే విద్య.

ఈ విద్యలో నాకు గురువులా తోచే మనిషి దిలీప్ మహలనాబిస్. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులతో పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని బొంగావ్ కిక్కిరిసిపోయింది. కలరా పట్టుకుంది. సెలైన్ సీసాలు అయిపోవస్తున్నాయి, ఎక్కించే చేతులూ చాలవు. ఆయన లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా చొప్పున పొట్లాలు కట్టించారు. కలిపిన నీళ్లను తల్లుల చేతికి, అన్నదమ్ముల చేతికి ఇచ్చి రోగులకు తాగిస్తూ ఉండమన్నారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఆ ద్రావణం ఫలితమిస్తుందని పరిశోధకులకు అంతకుముందే తెలుసు. కానీ డాక్టరు కళ్లెదుట లేకుండా, చదువు రాని చుట్టాల చేత కలరాకు వైద్యం చేయించవచ్చని అంత పెద్ద ఎత్తున చేసి చూపించింది ఆయన. 2023లో మరణానంతరం పద్మవిభూషణ్ ఇచ్చారు.

రెండో పాఠం మన పొరుగునే ఉంది. తెలంగాణను ఆనుకుని ఉన్న గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 1986లో ‘సెర్చ్’ సంస్థ పెట్టారు. 1995 నుంచి 39 ఊళ్లలో గ్రామ మహిళలకే పసికందుల సంరక్షణ నేర్పారు. పాలు తాగడం తగ్గిందా, ఏడుపు నీరసించిందా, ఒళ్లు చల్లబడిందా, డొక్కలు ఎగరేస్తోందా అని చూసి, రక్తంలో ఇన్ఫెక్షన్ ఉందనుకుంటే ఇంటి దగ్గరే జెంటామైసిన్ ఇంజెక్షన్ ఇచ్చేలా తయారు చేశారు. మూడో ఏడాదికి, మామూలు సేవలే అందిన ఊళ్లతో పోలిస్తే నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ‘లాన్సెట్’ ప్రచురించింది. ఇవాళ మన ఆశా కార్యకర్తలు బాలింత ఇంటికి వెళ్లి బిడ్డను తూచి, ఒళ్లు తాకి చూస్తున్నారంటే దాని మూలం అక్కడుంది. ఈ డాక్టరు దంపతులు ఏం చేశారు? ఏ లక్షణం చూడాలి, ఎంత మందు ఇవ్వాలి, ఎప్పుడు చేయి దాటినట్టు అన్నవి ఊరి మనిషికి అర్థమయ్యేంత తేటగా విడగొట్టారు. ఇచ్చిన ప్రతి ఇంజెక్షన్‌నూ మళ్లీ మళ్లీ సరిచూశారు.

అలా విడగొట్టడం ఎలాగో గుర్రపువాతం విషయంలో చూద్దాం. నిండు గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ వస్తే మందు మ్యాగ్నీషియం సల్ఫేట్. మొదటి డోసు ఏఎన్ఎం ఇవ్వొచ్చని కేంద్ర మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఒక్కో పిర్రకు 5 గ్రాములు, లోతుగా కండలోకి. చెప్పడానికి ఒక్క ముక్క. చేయబోతే, ఒక ఆంపుల్‌లో ఉండేది ఒక్క గ్రాము. అంటే పది ఆంపుళ్లు విరగ్గొట్టి, ఐదేసి చొప్పున రెండు సిరంజీల్లోకి లాగాలి. ఎదురుగా మనిషి కొట్టుకుంటూ ఉంటుంది, అత్త ఏడుస్తూ ఉంటుంది, కరెంటు ఉండదు. చేతులు వణక్కుండా ఉంటాయా? అందుకని ఉపకేంద్రాల్లో డబ్బాలు పెట్టించాను. పది ఆంపుళ్లు, పది మిల్లీలీటర్ల సిరంజీలు రెండు, పొడుగు సూదులు, దూది, టార్చిలైటు. మందు ఎక్కువై ఊపిరి మందగిస్తే విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్. మూత లోపల అతికించిన కాగితం మీద ఇలా ఉండేది: పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు. ఇంజెక్షన్లు చేయాలి. 108కి ఫోన్ చేయాలి. ఆ తర్వాత డాక్టరుకు ఫోన్ చేయాలి.

“మీకు ఫోన్ చివర్లోనా మేడమ్?” అని ఒక సిస్టర్ అడిగింది. ఆమె పనిచేసే ఊళ్లో సిగ్నల్ అందాలంటే బడి వెనక గుట్ట ఎక్కాలి. అనుమతి కోసం గుట్ట ఎక్కి దిగేలోపు మళ్లీ ఫిట్స్ వస్తాయి. కాబట్టి అనుమతి ముందే రాసి, కింద సంతకం పెట్టాను. దీన్నే స్టాండింగ్ ఆర్డర్ అంటాం. ఆ సంతకం ఉంది కాబట్టి, రేపు ఏదైనా తేడా వస్తే సంజాయిషీ చెప్పుకోవలసింది నేను. ఆ మాట సిస్టర్‌కు ముందే తెలిసి ఉండాలి. లేకపోతే డబ్బా ఎంత చక్కగా సర్దినా ఎవరూ మూత తీయరు.

ఫోన్ అందే చోట ఫోనులో వైద్యం చేయడం నేర్చుకోవాలి. శిక్షణలో ఇద్దరు డాక్టర్లను రెండు గదుల్లో కూర్చోబెడతాం. ఒకరు ఏఎన్ఎం, ఎదుట పాప బొమ్మ. ఇంకొకరు డాక్టరు, చేతిలో ఫోన్ తప్ప ఏమీ ఉండదు.

“పాప డల్‌గా ఉంది సార్, జ్వరం, దగ్గు.”

“ఎన్నాళ్ల నుంచి?”

“మూడ్రోజులు.”

“పారాసిటమాల్ ఇవ్వండి సిస్టర్, రేపు తీసుకురమ్మనండి.”

అక్కడ ఆపేస్తాం. పాప వయసెంతో ఆయన అడగలేదు. డల్ అంటే ఏమిటో అడగలేదు. మళ్లీ మొదలుపెట్టిస్తాం. పిలిస్తే చూస్తోందా? పాలు తాగుతోందా? తాగిందంతా కక్కేస్తోందా? ఫిట్స్ వచ్చాయా? చొక్కా పైకెత్తి నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి, నేను లైన్లోనే ఉంటాను. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, ఏడాది లోపు 50, ఆపైన ఐదేళ్ల లోపు 40, లేదా అంతకు మించి ఉంటే అది వేగంగా ఊపిరి తీయడం కిందే లెక్క. చివర్న “నేను చెప్పింది ఒకసారి తిరిగి చెప్పండి సిస్టర్” అనాలి. అలా చెప్పించుకుంటేనే అరచెంచా ఒక చెంచా అయిన సంగతి బయటపడుతుంది. అలాస్కాలో మంచు దారుల అవతలి పల్లెల్లో స్థానికులనే ఆరోగ్య సహాయకులుగా తయారుచేసి, రేడియోలోనూ ఆ తర్వాత ఫోనులోనూ డాక్టర్లు నడిపిస్తున్నారు. 1968 నుంచి ఆ ఏర్పాటుకు అక్కడి కేంద్ర ప్రభుత్వం డబ్బిస్తోంది. మనకూ వీడియోలో వైద్యం చేసే ఈసంజీవని ఉంది. కానీ తెర ఎంత పెద్దదైనా, ఏం అడగాలో తెలియని డాక్టరుకు అవతలి మనిషి కనపడదు.

ఇంకొకటి దారి. పంపాలా వద్దా అన్నది జబ్బును బట్టే తేలదు, గెడ్డను బట్టి కూడా తేలుతుంది. వైజాగ్‌లో ఆరు గంటలు ఆగి చూడగలిగిన పురుడును, వాన మబ్బు పట్టిన రోజున మా దగ్గర పొద్దున్నే పంపేయాలి. డోలీ ఎంతసేపు మోయాలి, ఫీడర్ అంబులెన్సు బైకు ఎక్కడిదాకా ఎక్కగలదు, 108 ఏ మలుపు దగ్గర ఆగుతుంది, ఇవి గూడెం గూడేనికీ మారతాయి. కొత్త డాక్టరు ఆశాలను కూర్చోబెట్టుకుని, కాలినడకన పట్టే సమయంతో సహా ఈ పటం గీసుకోవాలి. వానాకాలంలో నెలలు నిండబోయే వాళ్లెవరో ముందే చూసుకుని, రోడ్డు పక్క ఊరికి ఎప్పుడు తరలించాలో తేల్చుకోవాలి.

తల్లి చనిపోయినప్పుడు జరిపే సమీక్ష కూడా శిక్షణలో భాగమే. నిర్ణయం తీసుకోవడంలో, ఆసుపత్రి చేరడంలో, చేరాక వైద్యం అందడంలో, ఈ మూడింట్లో ఆలస్యం ఎక్కడ జరిగిందో వెతకడం దాని ఉద్దేశం. ఆచరణలో చాలాసార్లు అది ఆశాను నిలబెట్టి తిట్టే సభ అవుతుంది. ఒకసారి తిట్లు తిన్న మనిషి రెండోసారి నిజం చెప్పదు. నిజం అందని డాక్టరు దూరంగా ఉన్న రోగిని నడపలేడు.

మార్పు అసలు లేదనను. జాతీయ వైద్య కమిషన్ పుణ్యమా అని పీజీ విద్యార్థులు ఇప్పుడు మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేస్తున్నారు. ఎంబీబీఎస్ పిల్లలు పల్లె కుటుంబాలను దత్తత తీసుకుంటున్నారు. వెల్లూరు సీఎంసీ తన విద్యార్థులను చదువయ్యాక రెండేళ్లు మారుమూల మిషన్ ఆసుపత్రులకు పంపే పద్ధతిని ఎన్నో ఏళ్లుగా నడుపుతోంది. పాడేరులోనే ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. అక్కడి విద్యార్థులకు ఫోను గది, మందుల డబ్బా, దారి పటం పాఠాలుగా పెట్టడానికి కొత్త భవనాలేవీ కట్టనక్కర్లేదు. వెళ్లిపోయే మెడికల్ ఆఫీసరు పక్కన వచ్చే డాక్టరు రెండు వారాలు పనిచేసేలా ఉత్తర్వు ఇచ్చినా చాలు. ఏ డ్రాయర్లో ఏముందో, ఏ సిస్టర్‌కు ఏ పని నమ్మి అప్పజెప్పవచ్చో ఏ పుస్తకమూ చెప్పదు.

అధికారులకు నా విన్నపం ఒకటే. ఏజెన్సీ డాక్టరు పనితనాన్ని ఓపీ రిజిస్టరులో వెతక్కండి. ఆయన సెలవులో ఉన్న రోజులు చూసి, ఆ రోజుల్లో ఫిట్స్‌తో వచ్చిన గర్భిణికి, పాము కరిచిన కూలీకి ఏ మందు ఎన్ని నిమిషాల్లో పడిందో కేస్ షీట్లు తీయించి చూడండి. మార్కులు వేయాల్సింది వాటికే.