కొబ్బరి పసుపెక్కితే... గుట్టు విప్పేది జన్యు పరీక్షే!

అమలాపురం: తోటలో కొబ్బరి మట్టలు పసుపెక్కాయి. ఆకులు వడలి వేలాడుతున్నాయి. కాపు తగ్గింది. ఇది ఏ తెగులు? కోనసీమ రైతును తరచూ వేధించే ప్రశ్న ఇది. నిర్ధారణలో పొరపడితే బతికే చెట్టును నరుక్కోవలసి రావచ్చు. లేదా తెగులు చెట్టును ఉంచుకుని తోటంతటికీ ముప్పు తెచ్చుకోవచ్చు.

పసుపు రంగుకు కారణాలు అనేకం. మెగ్నీషియం లోపించినా కింది మట్టలు పసుపెక్కుతాయి. నీరు నిలిచి వేర్లు దెబ్బతిన్నా చెట్టు వడలుతుంది. మొదలు వద్ద ఎర్రటి బంక కారుతుంటే అది గానోడెర్మా శిలీంధ్రం పని. ఇవేవీ కాకుండా ఫైటోప్లాస్మా అనే బ్యాక్టీరియా కూడా కారణం కావచ్చు. కణకవచం లేని ఈ సూక్ష్మజీవి ఆకులు తయారుచేసిన ఆహారాన్ని మోసే నాళాల్లో తిష్ఠ వేస్తుంది. రసం పీల్చే పురుగులు దీన్ని చెట్టు నుంచి చెట్టుకు చేరవేస్తాయి. సాధారణ బ్యాక్టీరియా మాదిరిగా ప్రయోగశాలలో పెంచి చూద్దామంటే లొంగదు. 1967లో జపాన్ శాస్త్రవేత్తలు కనుగొనేవరకు ఇది కలిగించే తెగుళ్లను వైరస్ ఖాతాలోనే వేసేవారు.

నూరేళ్ల వెతుకులాట

కేరళను పీడిస్తున్న వేరు వడలు తెగులు ఇందుకు చక్కని ఉదాహరణ. 1882 వరదల అనంతరం ఈరాట్టుపేట ప్రాంతంలో ఇది మొదట కనిపించింది. ఆకులు పక్కటెముకల్లా లోపలికి వంగడం దీని ముఖ్య లక్షణం. చెట్టు వెంటనే చావదు, ఏటికేడు దిగుబడి క్షీణిస్తుంది. శిలీంధ్రం, వైరస్, నులిపురుగులు... ఇలా అన్నింటినీ అనుమానించారు. 1983లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఫైటోప్లాస్మా కనిపించింది. అది ఏ వర్గానికి చెందినదో జన్యు పరీక్షతో తేలింది మాత్రం 2010లో. వరి పైరును పసుపెక్కించి గిడసబార్చే క్రిమి, ఇదీ ఒకే వర్గానివని తెలిసింది. అంతమాత్రాన వరి నుంచి కొబ్బరికి అంటుతుందని అర్థం కాదు. ఈ తెగులు తమిళనాడు సరిహద్దు జిల్లాలకూ పాకింది.

కోనసీమకూ ఇలాంటి అనుభవం ఉంది. 1949 తుపాను తర్వాత తాటిపాకలో కనిపించిన తెగులుకు ఆ ఊరి పేరే స్థిరపడింది. దానికీ ఈ కోవ సూక్ష్మజీవే కారణమని శాస్త్రవేత్తలు అనుమానించారు. అప్పటికి జన్యు పరీక్ష అన్నదే లేదు.

పరీక్ష ఇలా..

కరోనా కాలంలో ఊరూరా వినిపించిన పీసీఆర్ పద్ధతే ఇక్కడా ఉపయోగిస్తారు. లేత ఆకు ఈనె నుంచి డీఎన్‌ఏను వేరుచేస్తారు. బ్యాక్టీరియా అన్నింటిలోనూ ఉండే 16ఎస్ అనే జన్యువులో ఫైటోప్లాస్మాకు ప్రత్యేకమైన భాగాన్ని ఎంచుకుని, యంత్రంలో లక్షల నకళ్లు తీస్తారు. చెట్టులో క్రిమి సంఖ్య అతి స్వల్పం కనుక మొదటి విడత ఫలితాన్నే మళ్లీ రెండో విడత పరీక్షకు పెడతారు. చిక్కంతా ఇక్కడే. ఆకులోని హరితరేణువుల్లోనూ దీన్ని పోలిన జన్యువు ఉంటుంది. ఆకును అంటిపెట్టుకున్న ఇతర బ్యాక్టీరియా కూడా పరీక్షను తప్పుదారి పట్టించగలదు. అందుచేత నకళ్లలోని అక్షరక్రమాన్ని చదివి, తెలిసిన క్రిములతో పోల్చి చూస్తేనే ఫలితాన్ని నమ్మాలి.

అమెరికాలోని ఫ్లోరిడాలో లీథల్ ఎల్లోయింగ్, లీథల్ బ్రాంజింగ్ అనే రెండు తెగుళ్లు తాళజాతి వృక్షాలను చంపుతున్నాయి. లక్షణాలు దాదాపు ఒకటే, క్రిములు వేరు. అక్కడ కాండానికి రంధ్రం చేసి, రాలిన పొట్టును పరీక్షకు పంపుతారు.

నివేదికలో ‘లేదు’ అని వచ్చినంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు. చెట్టంతటా క్రిమి సమంగా వ్యాపించదు. నమూనా తీసిన చోట లేకపోవచ్చు. ‘ఉంది’ అని తేలితే పూర్తిగా నయం చేసే మందూ లేదు. టెట్రాసైక్లిన్ రకం మందులు లక్షణాలను కొంతకాలం అణచగలవే తప్ప క్రిమిని నిర్మూలించలేవు. తెగులు కొత్తగా ప్రవేశించిన ప్రాంతాల్లో సోకిన చెట్లను తొలగించడమే మార్గం. గానోడెర్మా అయితే దారి వేరు, చెట్టు చుట్టూ కందకం తవ్వడం, వేపపిండితో ట్రైకోడెర్మా వేయడం వంటివి అందులో ఉన్నాయి.

అందుకే గొడ్డలి పట్టేముందు అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో చూపించడం మేలు. నమూనా పంపవలసి వస్తే అనుమానిత చెట్టు లేత ఆకుతోపాటు, అదే తోటలోని ఆరోగ్యకరమైన చెట్టు ఆకునూ విడిగా కట్టి, ఏది ఏదో రాసి పంపాలి.