లిథియం-అయాన్ బ్యాటరీ - గృహ వినియోగంలో భద్రత

లిథియం-అయాన్ బ్యాటరీ అనేది మరల మరల ఛార్జి చేయదగిన ఒక రకపు విద్యుద్ఘటం. 1991లో సోనీ సంస్థ దీనిని తొలిసారిగా విపణిలోకి తెచ్చింది. దీని రూపకల్పనకు గాను గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ప్రమాద కారణాలు

ఘటంలోని రెండు ఎలక్ట్రోడుల నడుమ సూక్ష్మరంధ్రాలు గల పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. అందులోని విద్యుద్విశ్లేష్యం తేలికగా మండే కర్బన ద్రావణులతో చేసినది. దెబ్బ తగిలి పొర చిరిగినా, వేడికి కరిగినా లోపలే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. ఆ వేడికి రసాయన చర్యలు వేగవంతమై మరింత వేడిని పుట్టిస్తాయి. ఒక ఘటం నుండి పక్క ఘటానికి మంట పాకుతుంది. వెలువడే పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ వంటి విషవాయువులు ఉంటాయి. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల విక్రయశాలలో మొదలైన అగ్నిప్రమాదపు పొగ పై అంతస్తులలోని హోటలును కమ్మివేయగా 8 మంది మరణించారు.

జాగ్రత్తలు

పలు రకాల ఘటాలకు 4.2 వోల్టులు గరిష్ఠ పరిమితి. దానిని మీరనీయకుండా చూసేది ఛార్జరు, బ్యాటరీలోని రక్షణ వలయము. కనుక చౌకగా దొరికే నకిలీ ఛార్జరు నిజానికి చౌక కాదు. ఫోనును దిండు కింద ఉంచి ఛార్జి చేస్తే వేడి బయటకు పోదు. స్కూటరు బ్యాటరీని గుమ్మం వద్దగాని, మెట్ల కిందగాని ఛార్జి చేయరాదు. మంట లేస్తే బయటపడే దారి మూసుకుపోతుంది. ఉబ్బిన బ్యాటరీలో వాయువు చేరినదని అర్థం. దానిని గుచ్చరాదు, నొక్కరాదు, చెత్తబుట్టలో వేయరాదు. సేకరణ కేంద్రానికి అప్పగించాలి.