రెండు సైన్సులు కలిపిన ఆనర్సు డిగ్రీ: చేర్చే ముందు చూసుకోవలసినవి

ఇంటర్ ఫలితాలు వచ్చే రోజులలో మేము తనిఖీకి వెళ్లినప్పుడు సభ్యులు వెన్న శాతం, బిల్లుల సంగతే గాక పిల్లల చదువు సంగతి కూడా అడుగుతుంటారు. "మా అమ్మాయికి కెమిస్ట్రీ ఇష్టం, బయాలజీ కూడా ఇష్టమే. రెండూ కలిపి ఆనర్సు చదివించమంటారా?" అన్న ప్రశ్నకు మాకు తెలిసినంతవరకు జవాబు ఇది.

పూర్వం బి.ఎస్సి. అంటే మూడేళ్లు, మూడు సబ్జెక్టులు. 2022 డిసెంబరులో యు.జి.సి. ప్రకటించిన విధానంలో చదువును క్రెడిట్లతో కొలుస్తారు. మూడేళ్ల డిగ్రీకి 120, నాలుగేళ్ల ఆనర్సుకు 160 క్రెడిట్లు. ఇందులో కనీసం 40 శాతం, అనగా ఆనర్సులో 64 క్రెడిట్లు, రెండవ ముఖ్య సబ్జెక్టులో సంపాదిస్తేనే అది డబుల్ మేజర్. అయితే ప్రతి కళాశాలలోను ప్రతి జతా దొరకదు.

రెండు శాస్త్రాలు కలిస్తే ప్రయోజనం ఏమిటో పాలే చెబుతాయి. గెర్బర్ గొట్టంలో 10 మి.లీ. సల్ఫ్యూరిక్ ఆమ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. అమైల్ ఆల్కహాలు పోసి వెన్న తేల్చడం రసాయన శాస్త్రం. మిథిలీన్ బ్లూ రంగు ఎంతసేపటిలో పోయిందో చూసి సూక్ష్మజీవుల ఉధృతి గ్రహించడం జీవశాస్త్రం. ఇటువంటి పని మీద పిల్లకు మనసుంటే జంట డిగ్రీ మంచిదే. ఏదీ తేల్చుకోలేక రెండూ పట్టుకుంటే మాత్రం రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్లే.

చేర్చే ముందు ఈ మూడు విషయాలు విచారించాలి.

1. తరువాతి దారి: ఎం.ఎస్సి.కి గాని, బి.ఎడ్.కు గాని డిగ్రీలో ఏ సబ్జెక్టులు ఉండాలో ముందే ప్రకటనలో చూడాలి. హైస్కూలులో ఫిజికల్ సైన్సు చెప్పేవారు భౌతిక, రసాయన శాస్త్రాలు రెండూ చెప్పాలి గదా! జత తప్పితే అర్హతే పోవచ్చు. పాల కర్మాగారంలో ఉద్యోగమే లక్ష్యమైతే తిరుపతి, కామారెడ్డి కళాశాలలలో డెయిరీ టెక్నాలజీ బి.టెక్. ఉన్నది. దానికి ఇంటర్‌లో గణితం చదివి ఉండాలి.

2. నాలుగో ఏడు ఖర్చు: ఫీజు, హాస్టలు మరో ఏడాది భరించాలి. బదులుగా పి.జి. ఒక్క ఏడాదిలో ముగించే వీలును యు.జి.సి. కల్పించింది. మీ విశ్వవిద్యాలయంలో అది అమలులో ఉన్నదేమో అడగండి. మూడేళ్లకే డిగ్రీ తీసుకుని బయటికి రావచ్చు గనుక ఈ నిర్ణయం ఇప్పుడే చేయనక్కరలేదు.

3. ప్రయోగశాల: ప్రాక్టికల్సులో ఒక్క క్రెడిట్‌కు సెమిస్టరులో 30 గంటల పని. రెండు సబ్జెక్టులంటే రెండు ప్రయోగశాలలు. రెండింటికీ అధ్యాపకులు, పరికరాలు ఉన్నాయో లేదో కళాశాలకు వెళ్లి కళ్లారా చూడండి.

గేదెను కొనేటప్పుడు రెండు పూటలా పాలు పిండించి చూస్తాం. నాలుగేళ్ల చదువుకు ఆపాటి విచారణయినా చేయవద్దా? అన్నీ చూసిన తరువాత చివరి మాట అమ్మాయినే చెప్పనివ్వండి. చదవవలసింది ఆమే గదా.